కరెంటు పెట్టే ముందు గీసే గీత

(నల్లగొండలో విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, ఊరివాళ్ల ముందు ఒక మెడికల్ ఫిజిసిస్ట్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే, మైకు గరగరమంటే చెయ్యెత్తండి.

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాదు. ఇక్కడే డిగ్రీలో ఫిజిక్స్ చదివి, తర్వాత మెడికల్ ఫిజిక్స్ చేసి, హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ దవాఖానలో రేడియేషన్ ప్లానింగ్ పని చేస్తున్నాను. గడ్డ చుట్టూ గీత గీసేది డాక్టరు. ఆ గీత లోపలికి ఎంత డోసు పోవాలి, బయట ఉన్న మంచి ఊపిరితిత్తికి, గుండెకు, వెన్నుపాముకు ఎంత తక్కువ పోవాలి అని లెక్క కట్టేది మేము. కాబట్టి ఇది బీడీ మానండి అని చెప్పే ఉపన్యాసం కాదు. మానండి, అది వేరే సంగతి. ఈరోజు ఆ గీత గురించి మాట్లాడతాను.

మా దగ్గరికి నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు నుంచి చాలామందే వస్తారు. ప్లానింగ్ రూం బయట కూర్చున్న కొడుకో అల్లుడో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే ఉంటుంది. "సార్, ఎక్స్‌రే తీసిన్రు, సీటీ తీసిన్రు, ముక్క పరీక్ష చేసిన్రు, క్యాన్సరే అని తేలింది గదా, మళ్లీ ఈ పెట్ స్కాన్ ఎందుకు? కరెంటు పెట్టేస్తే అయిపోతది గదా?" కరెంటు పెట్టడం అంటే రేడియేషన్ ఇవ్వడమే. ఈ అనుమానంలో తప్పేమీ లేదు. అవసరం లేని పరీక్షలు రాసేవాళ్లు లేరని నేను అనను. కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, అందులోనూ నయం చేద్దామనే ఉద్దేశంతో ఆరు వారాల రేడియేషన్ ఇవ్వబోయేటప్పుడు, పెట్ అదనపు పరీక్ష కాదు. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

సీటీ చూపించేది ఆకారం. ఎక్కడ దట్టంగా ఉంది, ఎక్కడ గాలి ఉంది, అంతే. పెట్ చూపించేది పని, అంటే ఏ కణాలు చక్కెరను ఆబగా తింటున్నాయో అది. క్యాన్సర్ కణాలు మామూలు కణాలకన్నా గ్లూకోజ్ ఎక్కువగా లాక్కుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. ఆయనకు 1931లో నోబెల్ వచ్చింది, వేరే పని మీదే అనుకోండి. ఆ గమనికను స్కాన్‌గా మార్చడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. గ్లూకోజ్ లాంటి ఒక పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించి తయారుచేసే మందు పేరు ఎఫ్‌డీజీ. దాన్ని మొదటిసారి మనుషులకు ఇచ్చింది 1976లో, అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో. మన దేశంలో పెట్ మొదలైంది 2002లో, ముంబైలో.

కణం ఈ ఎఫ్‌డీజీని చక్కెర అనుకుని లోపలికి తీసుకుంటుంది, మొదటి మెట్టు వరకు అరిగిస్తుంది, ఆ తర్వాత ముందుకూ పోలేదు, బయటికీ పోలేదు. అక్కడే ఇరుక్కుంటుంది. ఫ్లోరిన్-18 నుంచి పాజిట్రాన్ వస్తుంది, అది పక్కనే ఉన్న ఎలక్ట్రాన్‌ను తాకగానే రెండూ మాయమై, వాటి బదులు రెండు గామా కిరణాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురు దిక్కుల్లో దూసుకుపోతాయి. ఒక్కోదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఫిజిక్స్ పిల్లలు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, ఆ 511 ఎక్కడి నుంచి వచ్చింది? అవును, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి, ఐన్‌స్టీన్ సూత్రం. మీరు పరీక్షలో రాసి మర్చిపోయే ఆ అంకె మీదే ఈ మిషన్ మొత్తం నడుస్తుంది. రోగి చుట్టూ ఉన్న డిటెక్టర్ల వలయంలో ఎదురెదురుగా ఉన్న రెండు ఒకే క్షణంలో మోగితే, ఆ రెంటినీ కలిపే గీత మీద ఎక్కడో ఆ అణువు ఉన్నట్టు. అలాంటి గీతలు కోట్ల కొద్దీ పోగేస్తే బొమ్మ వస్తుంది.

ఫ్లోరిన్ అనగానే మన జిల్లాలో ముఖాలు మారిపోతాయి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన కాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం, మారకుండా ఎలా ఉంటాయి? నన్ను నేరుగా అడిగినవాళ్లున్నారు: "ఇన్నేళ్లు నీళ్లలో తాగింది చాలదా సార్, ఇప్పుడు సూదితో కూడా ఎక్కిస్తరా?" లెక్క చెప్తాను. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వరకు పర్వాలేదని మన ప్రమాణం. పెట్ సూదిలో ఉండే రేడియోధార్మిక ఫ్లోరిన్ అణువులన్నీ కలిపి తూచినా ఒక నానోగ్రాము కూడా ఉండవు. అంటే ఆ పర్వాలేదన్న లీటరు నీళ్లలో ఉన్నదాంట్లో పదిలక్షల వంతు కన్నా తక్కువ. పైగా అది ఫ్లోరిన్‌గా మిగలదు, క్షీణించి ఆక్సిజన్ అయిపోతుంది. ఎముకలు వంగేది ఏళ్ల తరబడి తాగిన నీళ్లతో. ఈ సూదికీ దానికీ సంబంధం లేదు.

రేడియేషన్ భయం కూడా మనకు కొత్త కాదు. లంబాపూర్, పెద్దగట్టు గనుల గొడవ చూసినవాళ్లు, 2019లో నల్లమలలో యురేనియం వద్దని రోడ్డెక్కినవాళ్లు ఈ హాల్లోనే ఉండొచ్చు. అది వేరే చర్చ, ఆ ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ యురేనియం సగం కావడానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది, ఫ్లోరిన్-18కు 110 నిమిషాలు చాలు. పొద్దున సూది వేసుకుంటే మర్నాటి తెల్లవారే సరికి వెయ్యో వంతు కూడా మిగలదు. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ఎఫ్‌డీజీ వల్ల తగిలేది సుమారు 7 మిల్లీసీవర్ట్‌లు, పక్కన తీసే సీటీది దానికి అదనం. భూమి మీద ఊరికే బతుకుతున్నందుకు ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ తగులుతాయి. చికిత్స డోసును గ్రేలలో కొలుస్తాం, అది మిల్లీసీవర్ట్ కన్నా చాలా పెద్ద కొలత. 60 గ్రే డోసు తీసుకోబోయే మనిషి విషయంలో ఈ స్కాన్ డోసు గురించి టెన్షన్ పడడంలో అర్థం లేదని నా అభిప్రాయం.

అన్నట్టు ఆ 110 నిమిషాలే పెట్ సెంటర్లు ఎక్కువగా నగరంలో ఉండడానికి ఒక కారణం. మందు సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రంలో తయారుకావాలి. హైదరాబాద్ నుంచి నల్లగొండకో పాలమూరుకో రోడ్డు మీద రెండు గంటలు పట్టిందనుకోండి, బయలుదేరిన మందులో సగం కన్నా తక్కువే చేరుతుంది. అక్కడే ఏ లారీయో అడ్డం పడితే ఇంకా తక్కువ.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఒక పెద్దాయన. పేరు, ఊరు వద్దు. చిన్నప్పటి నుంచి చుట్ట. దగ్గు, ఆయాసం, కళ్లెలో నెత్తురు. ఎక్స్‌రేలో కుడివైపు పైభాగం మొత్తం తెల్లగా ఉంది. సీటీలో కూడా అంతే, ఛాతీలో అరచేతంత బూడిదరంగు ముద్ద. ఆయన కొడుకు ఆ ఫిల్మ్ చూసి, ఇంత పెద్ద గడ్డా అని కూలబడిపోయాడు. కానీ అదంతా గడ్డ కాదు. గడ్డ గాలి గొట్టంలో అడ్డుపడితే, దాని అవతల ఉన్న ఊపిరితిత్తి భాగానికి గాలి అందక ముడుచుకుపోతుంది. ముడుచుకుపోయిన ఊపిరితిత్తి, గడ్డ రెండూ సీటీలో ఇంచుమించు ఒకే రంగులో కనిపిస్తాయి. సర్వే చేయని పొలంలో ఇద్దరి భూమి కలిసిపోయి ఉన్నట్టు, హద్దురాళ్లు లేవు. అప్పుడు డాక్టర్ ఏం చేయాలి? తక్కువ గీస్తే గడ్డ బయట మిగిలిపోతుందని భయం, కాబట్టి మొత్తం గీసేస్తాడు. పెట్ తీస్తే ఆ ముద్దలో మధ్యకు దగ్గరగా ఒక భాగం మాత్రమే గట్టిగా వెలిగింది, మిగతాది మసకగా ఉంది. ఆ వెలిగింది గడ్డ. మిగతాది గాలి లేక పడుకున్న ఊపిరితిత్తి, చికిత్సలో గొట్టం తెరుచుకుంటే మళ్లీ లేవగలిగేది.

ఈ తేడా ఎంత ముఖ్యమో అంకెల్లో చూడండి. 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళాన్ని 4 సెంటీమీటర్లు అనుకుని గీస్తే, చుట్టూ పెరిగింది ఒక్క సెంటీమీటరే, కానీ ఘనపరిమాణం 2.37 రెట్లు అవుతుంది. అదీ మొదటి గీత మాత్రమే. మేము కనిపించే గడ్డను జీటీవీ అంటాం, దాని చుట్టూ కంటికి కనబడని కణాలు పాకి ఉంటాయని ఇంకొన్ని మిల్లీమీటర్లు కలిపి సీటీవీ అంటాం, రోజూ మనిషి పడుకోవడంలో వచ్చే తేడా కోసం ఇంకొంత కలిపి పీటీవీ అంటాం. మొదటి గీత లావైతే తర్వాతవన్నీ లావవుతాయి. మొత్తం ఊపిరితిత్తుల్లో 20 గ్రే లేదా అంతకన్నా ఎక్కువ తగిలే భాగం 35 శాతం లోపు ఉండాలని మేము చూసుకుంటాం. అది దాటితే కొన్ని నెలల్లో ఊపిరితిత్తి వాచి, పొడి దగ్గు, ఆయాసం, జ్వరం, కొందరికి ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆ పెద్దాయనకు సీటీ గీత మీద ప్లాన్ వేస్తే ఆ హద్దు లోపల పట్టలేదు. డోసు తగ్గించాలి, లేదా నయం చేయాలనే ఆలోచనే మానుకోవాలి. పెట్ గీత మీద వేస్తే పూర్తి డోసు ఇవ్వగలిగాం. మనిషి అదే, మిషన్ అదే, మారింది గీత ఒక్కటే.

కానీ నన్నడిగితే పెట్ చేసే ఇంకో పెద్ద పని ఉంది, దాని గురించి ఎవరూ సంతోషంగా మాట్లాడరు. గీత అసలు గీయాలా వద్దా అన్నది తేల్చడం. ఆస్ట్రేలియాలో పీటర్ మెకల్లమ్ క్యాన్సర్ సెంటర్‌ వాళ్లు 2001లో ఒక లెక్క ప్రచురించారు. పూర్తి రేడియేషన్‌కు పనికొస్తారని అనుకున్న 153 మందికి పెట్ తీస్తే, వాళ్లలో 30 శాతం మందికి జబ్బు అనుకున్నదానికన్నా ఎక్కువ ఉన్నట్టు తేలి, నయం చేసే రేడియేషన్ ఆపి, బాధ తగ్గించే చికిత్స వైపు వెళ్లారు. 2002లో నెదర్లాండ్స్ వాళ్లది ఆపరేషన్ల మీద అధ్యయనం: పెట్ లేకుండా వెళ్తే 41 శాతం మందికి ఛాతీ కోసిన పని వృథా అయింది, పెట్ తీసి వెళ్తే 21 శాతానికి తగ్గింది. వినడానికి ఇది నిరాశగా ఉంటుంది, "పెట్ తీశాకే చేతులెత్తేశారు" అని తిట్టుకుంటారు కూడా. కానీ ఎముకలోనో అడ్రినల్ గ్రంథిలోనో జబ్బు ఉన్న మనిషిని ఆరు వారాలు రూం కిరాయికి తీసుకుని హైదరాబాద్‌లో ఉండేలా చేసి, గొంతు మంటతో అన్నం దిగకుండా చేసి, పొలం పనులు, కొడుకు కూలి అన్నీ పోగొట్టి, చివరికి ఏమీ దక్కకపోవడం కన్నా ముందే తెలియడం మేలు కాదా? అలాంటివాళ్లకు మందులున్నాయి, తక్కువ రోజుల రేడియేషన్ ఉంది. దారి మారుతుంది, మూసుకుపోదు.

ఇప్పుడు గ్రంథుల సంగతి. ఛాతీ మధ్యలో, శ్వాసనాళం చుట్టూ లింఫ్ గ్రంథులుంటాయి. పాతకాలంలో వాటిలో జబ్బు ఉన్నా లేకపోయినా ముందుజాగ్రత్తగా మొత్తం కలిపి రేడియేషన్ ఇచ్చేవారు. పెట్ వచ్చాక, వెలగని గ్రంథులను వదిలేస్తే ఏమవుతుంది అన్న ప్రశ్న వచ్చింది. వదిలేయడానికి ఎవరికైనా భయమే. దీని మీద జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ దేశాల్లో పెట్-ప్లాన్ అనే పరీక్ష జరిగి ఫలితాలు 2020లో వచ్చాయి. ఒక జట్టుకు పెట్‌లో వెలిగిన చోటు మాత్రమే, రెండో జట్టుకు దానితోపాటు ముడుచుకున్న ఊపిరితిత్తి, వెలగని గ్రంథులు కూడా కలిపి గీశారు. ఏడాదికి ఛాతీలో జబ్బు మళ్లీ పెరిగినవాళ్లు మొదటి జట్టులో 14 శాతం, రెండో జట్టులో 29 శాతం. ఇక్కడ జాగ్రత్తగా చెప్పాలి: చిన్న గీత మెరుగు అని రుజువు చేయడానికి వేసిన పరీక్ష కాదది, చిన్న గీత వల్ల నష్టం లేదని చూపడానికి వేసింది, చూపింది. వదిలేసిన చోట్ల జబ్బు విరుచుకుపడుతుందన్న భయం నిజం కాలేదు.

గీత చిన్నదైంది కదా, డోసు పెంచేద్దామా అని మీలో ఎవరికైనా వస్తే, ఆ ఆలోచన అమెరికా వాళ్లకు కూడా వచ్చింది. ఆర్‌టీఓజీ 0617 అనే పరీక్షలో కొందరికి 60 గ్రే, కొందరికి 74 గ్రే ఇచ్చారు. 2015లో వచ్చిన ఫలితం చూసి అందరూ తెల్లబోయారు. 60 తీసుకున్నవాళ్ల మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటి బతికిన కాలం, 28.7 నెలలు, 74 తీసుకున్నవాళ్లది 20.3. గుండెకు తగిలిన డోసు కూడా దానికి ఒక కారణమని తర్వాతి లెక్కల్లో కనిపించింది. అందుకే ఇప్పటికీ కీమోతో కలిపి ఇచ్చేది 60 గ్రే, 30 సార్లు, ఆరు వారాలు. నా దృష్టిలో పెట్ వల్ల మనకు దొరికింది ఎక్కువ కొట్టే అవకాశం కాదు, తక్కువ చోట కొట్టే అవకాశం.

ఇంతవరకు పెట్‌ను పొగిడాను. ఇప్పుడు అది పెట్టే తిప్పలు. మన ప్రాంతానికి ఇదే ముఖ్యం, పిల్లలూ ఇది రాసుకోండి.

పెట్‌కు క్యాన్సర్ తెలియదు. చక్కెర తినే కణం ఏదైనా దానికి ఒకటే. టీబీ గ్రంథి వెలుగుతుంది, కొన్నిసార్లు క్యాన్సర్ కన్నా గట్టిగా. గడ్డ అడ్డంపడి దాని వెనక చీము పట్టినా వెలుగుతుంది. రాతి దుమ్ము పీల్చినవాళ్ల ఛాతీ గ్రంథులు వెలుగుతాయి. ఇప్పుడు పాలమూరు లేబర్‌ను గుర్తు తెచ్చుకోండి. సొరంగాలు తవ్వినవాళ్లు, బండలు పగలగొట్టినవాళ్లు, డ్యాముల దగ్గర డ్రిల్లింగ్ చేసినవాళ్లు, షాద్‌నగర్ వైపు పలుగురాళ్ల పొడి మిల్లుల్లో పనిచేసినవాళ్లు. అలాంటి మనిషికి కుడివైపు గడ్డ ఉండి, ఎడమవైపు గ్రంథులు కూడా వెలిగాయనుకోండి. ఆ వెలుగును నమ్మితే జబ్బు అవతలి వైపుకు పాకినట్టు, దశ మారిపోతుంది, గీత ఛాతీ మొత్తం పరుచుకుంటుంది, లేదా నయం కాదు అని పంపించేస్తారు. అది ఉత్త దుమ్మో పాత టీబీయో అయితే, ఒక మనిషికి నయమయ్యే అవకాశాన్ని బొమ్మ చూసి తీసేసినట్టు అవుతుంది. యూరప్ పుస్తకాల్లో ఈ సంగతి ఒక వాక్యంలో అయిపోతుంది, మనకు మాత్రం రోజూ వచ్చే తలనొప్పి.

దానికి మందు సూదే. నోటి గుండా సన్నటి ట్యూబు వేసి, అల్ట్రాసౌండ్‌తో చూస్తూ ఆ గ్రంథిలో నుంచి నీడిల్‌తో కొద్దిగా తీసి పరీక్షకు పంపుతారు. ఈబస్ అంటారు. నిర్ణయాన్ని మార్చేసే గ్రంథి ఏదైనా ఉంటే, దాన్ని పొడిచి చూడకుండా పెట్ మాట మీద ప్లాన్ ముందుకు తోయకూడదు. అందుకే దవాఖానలో "మీరు ఏం పని చేసేవారు?" అని అడిగినప్పుడు "వ్యవసాయం" అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. ఇరవై ఏళ్ల కింద బొంబాయిలో చేసిన సొరంగం పని కూడా చెప్పండి. ఎప్పుడో టీబీ మందులు ఆరు నెలలు మింగింది కూడా చెప్పండి. చాలామంది సిగ్గుపడి దాస్తారు. ఆశా కార్యకర్తలు ఇక్కడ ఉన్నారు, మీకు ఈ చరిత్రలు మాకన్నా బాగా తెలుసు, చీటీ మీద రాసి పంపండి.

దీనికి ఎదురు తిప్పలు కూడా ఉన్నాయి. సెంటీమీటరు కన్నా చిన్నవి, మెల్లగా పెరిగే కొన్ని రకాలు సరిగా వెలగవు. మెదడు ఎప్పుడూ చక్కెర తింటూనే ఉంటుంది కాబట్టి అక్కడ అంతా వెలుగే, అందులో చిన్న మచ్చ కనబడదు. అందుకే పెట్ తీసినా మెదడుకు ఎంఆర్‌ఐ అడుగుతారు, అది డబ్బుల కోసం కాదు.

ఇంకోటి, గీత గీసేవాళ్లకు మాత్రమే తెలిసే తలనొప్పి. పెట్ బొమ్మలో అంచు పదునుగా ఉండదు, వెలుగు మెల్లగా తగ్గుతూ పోతుంది. కంప్యూటర్‌లో వెలుతురు సెట్టింగ్ ఇటు జరిపితే గడ్డ నిమ్మకాయంత, అటు జరిపితే బత్తాయంత కనిపిస్తుంది. అత్యధిక వెలుగులో 40 శాతం దగ్గర కోయాలని కొందరు, ఎస్‌యూవీ (ఎంత వెలిగిందో చెప్పే కొలత) 2.5 దగ్గర కోయాలని కొందరు అన్నారు. ఏ ఒక్క అంకె అన్ని గడ్డలకూ సరిపోదు. అందుకే మంచి చోట్ల సెట్టింగ్ ముందే ఖాయం చేసుకుని, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరూ రేడియేషన్ డాక్టరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చుని గీస్తారు. ఆటోమేటిక్ బటన్ నొక్కి వచ్చిన గీతను యథాతథంగా వాడడం నాకు నచ్చదు.

పైగా మనిషి ఊపిరి పీలుస్తాడు కదా. సీటీ కొన్ని సెకన్లలో అయిపోతుంది, పెట్ ఒక్కో భాగానికి రెండు మూడు నిమిషాలు తీస్తుంది, ఆ లోపు ముప్పై నలభై ఊపిర్లు. ఊపిరితిత్తి కింది భాగంలో, డయాఫ్రమ్ దగ్గర ఉన్న గడ్డ పైకీ కిందికీ సెంటీమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కదులుతుంది. కాబట్టి పెట్‌లో కనిపించేది కదలికంతా కలిసిపోయిన మబ్బు. ఆ కదలికను పట్టుకోవడానికి ఫోర్-డీ సీటీ తీస్తాం, ఊపిరి చక్రాన్ని మామూలుగా పది భాగాలు చేసి ఒక్కో భాగంలో గడ్డ ఎక్కడుందో చూస్తాం. ఎక్కడెక్కడికి కదులుతుందో అది చెప్తుంది, అందులో ఏది గడ్డో పెట్ చెప్తుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు.

మామూలు పెట్ మెత్తటి, ఒంపు ఉన్న బల్ల మీద తీస్తారు. రేడియేషన్ బల్ల చదునుగా, గట్టిగా ఉంటుంది, చేతులు తల మీదికి పెట్టి అచ్చులో పడుకోబెడతాం, ఒంటి మీద చుక్క పచ్చబొట్టు పెట్టి లేజర్‌తో కలుపుతాం. వేరే రకంగా పడుకున్నప్పుడు తీసిన పెట్‌ను దీని మీద అతికించాలంటే కొన్ని మిల్లీమీటర్లు తప్పుతుంది, ఇందాక చెప్పిన లెక్క ప్రకారం మిల్లీమీటర్లకు ఎంత విలువో మీకు తెలుసు. వీలైతే రేడియేషన్ పడకలోనే పెట్ తీయించడం మంచిది. తీసి నెల దాటిన పెట్ మీద గీత గీయడం కూడా సరికాదు, ఆ లోపు గడ్డ పెరుగుతుంది. పరీక్షల మధ్య, డబ్బు సర్దుకోవడం మధ్య, పండగల మధ్య వారాలు జారిపోతుంటాయి. మూడు నాలుగు వారాల్లో రేడియేషన్ మొదలయ్యేలా చూసుకోండి.

ఇంటివాళ్లకు పనికొచ్చేవి చెప్పి ప్రశ్నలకు వస్తాను. స్కాన్‌కు ముందు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, నీళ్లు తాగొచ్చు. మనవాళ్లు పొద్దుగాల మొదటి బస్సెక్కి, ఎల్‌బీనగర్‌లో దిగి, "చాయే గదా" అని తాగేస్తారు. అందులో చక్కెర ఉంది! షుగర్ ఉన్నవాళ్లకు రక్తంలో 200 దాటితే స్కాన్ వాయిదా వేయవచ్చు, ఎందుకంటే గడ్డ దగ్గరికి చేరే ఎఫ్‌డీజీకి అసలు చక్కెరే పోటీ. అలాగని సూది మందు వేసుకుని వెంటనే రాకండి, ఇన్సులిన్ వేస్తే ఎఫ్‌డీజీ అంతా కండల్లోకి పోతుంది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకునేవాళ్లకు పేగులు వెలుగుతాయి, మీ అంతట మీరు మానకండి, అడిగి మానండి. ముందురోజు పొలం పని, బరువులు మోయడం వద్దు. సూది వేశాక గంటసేపు కదలకుండా, వెచ్చగా దుప్పటి కప్పుకుని పడుకోవాలి, ఫోన్ మాట్లాడుతూ కాదు.

అన్నిటికన్నా ముఖ్యం సీడీ. స్కాన్ సెంటర్ వాళ్లు రంగుల ఫొటోలు, రిపోర్ట్ కాగితం, ఒక సీడీ ఇస్తారు. కాగితాన్ని కవర్లో పెట్టి దేవుడి పటం దగ్గర దాస్తారు, సీడీని పిల్లలు ఆడుకోవడానికి ఇస్తారు. మాకు కావాల్సింది ఆ సీడీయే, అందులోని డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ అసలు బొమ్మలు, లేకపోతే గీతకు పెట్ ఏమాత్రం ఉపయోగపడదు.

అడగండి.

ప్రశ్న: ఇంట్లో కోడలు గర్భిణి సార్, స్కాన్ తీయించుకుని ఇంటికి రావొచ్చా?

రావొచ్చు. ఆ రోజంతా ఆమెకూ చిన్నపిల్లలకూ కొంచెం దూరంగా ఉండండి, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. నీళ్లు ఎక్కువ తాగి మూత్రం పోస్తుండండి, మందు అలాగే బయటికి పోతుంది. మర్నాటికి ఏ ఇబ్బందీ లేదు. రేడియేషన్ ట్రీట్‌మెంట్ మాత్రం అలా కాదు, మిషన్ ఆపగానే ఒంట్లో ఏమీ మిగలదు, కరెంటు పెట్టించుకున్న మనిషిని అసలు దూరం పెట్టక్కర్లేదు. వేరే గ్లాసు, వేరే కంచం పెట్టే ఇళ్లు చూశాను, ఆ పని చేయకండి.

ప్రశ్న: ఆరోగ్యశ్రీలో వస్తదా?

రేడియేషన్ చికిత్స ఆరోగ్యశ్రీలో ఉంది. స్కాన్ సంగతి మాత్రం బిల్లు కట్టే ముందే దవాఖానలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి, కట్టేశాక అడిగితే తిరిగి రావడం కష్టం.

ప్రశ్న: రేడియేషన్ అయిపోయిన నెలకు మా నాన్నకు బయట ఎక్కడో పెట్ తీయించినం. ఇంకా వెలుగుతుందని రాసిన్రు. జబ్బు పోలేదా?

నెలకు ఎందుకు తీశారు? మిమ్మల్ని అనడం లేదు బాబూ, రాసినవాళ్లను అంటున్నాను. రేడియేషన్ తగిలిన ఊపిరితిత్తి వాచి ఉంటుంది, ఆ వాపు కూడా చక్కెర తింటుంది, వెలుగుతుంది. అందుకే మామూలుగా మూడు నెలలు ఆగి తీస్తారు. నాన్నకు ఆయాసం, జ్వరం ఉందా? లేదు కదా. అయితే ఆ రిపోర్ట్ పట్టుకుని భయపడకండి, కానీ పక్కన పడేయకండి కూడా. రేడియేషన్ ఇచ్చిన డాక్టర్‌కే చూపించండి. పాత పెట్ సీడీ, ఈ కొత్త సీడీ, రెండూ తీసుకెళ్లండి, ప్లాన్‌లో గీసిన గీత మీద ఈ వెలుగును పెట్టి చూస్తే అది గడ్డ ఉన్న చోట ఉందా, కిరణాలు పోయిన దారిలో ఉందా తెలుస్తుంది.